పాత చెవీ 350 ఇంజిన్ బోరుకొచ్చిందా? ఏ పార్ట్ ముందు కొనాలి, ఏది తర్వాత కొనాలి

డల్లాస్ వైపు మన వాళ్ళలో పాత అమెరికన్ కార్లు కొనేవాళ్ళు బానే తయారయ్యారు. నా 1972 చెవెల్ ఇంజిన్ నేనే విప్పి కట్టానని తెలిసినప్పట్నుంచి వారానికి ఒకరైనా అడుగుతున్నారు, "అన్నా, ఏ కిట్ కొనమంటావ్?" అని. అసలు అడగాల్సింది అది కాదు. కిట్ చివర్లో కొనేది, ముందు కొలతలు కావాలి.

నాకు బాగా తెలిసింది చెవర్లే స్మాల్ బ్లాక్ 350 (350 క్యూబిక్ అంగుళాల V8) కాబట్టి ఇదంతా దాని గురించే. ఫోర్డ్, మోపార్ (క్రైస్లర్ కార్లు) వాళ్ళకి వరస ఇదే, అంకెలు మాత్రం వేరు. ఇక్కడ "థౌ" అంటే అంగుళంలో వెయ్యో వంతు, మెషిన్ షాప్‌లో అందరూ అలాగే అంటారు.

## 1. కారు దేనికో ముందు కాయితం మీద రాయండి

నవ్వకండి, నిజంగానే రాయండి. ఆదివారం పొద్దున కార్ షోకి, అప్పుడప్పుడు ఆఫీసుకి, ఏసీ ఆన్‌లో ట్రాఫిక్‌లో నిలబడాలి అనుకుంటే ఒక ఇంజిన్, నెలకోసారి డ్రాగ్ స్ట్రిప్‌కి అంటే ఇంకో ఇంజిన్. రెండూ ఒకదాంట్లో కావాలంటే రెండూ సగం సగమే వస్తాయి.

రాయాల్సినవి:

- గేర్‌బాక్స్ ఆటోమేటిక్కా, మాన్యువలా? ఆటోమేటిక్ అయితే టార్క్ కన్వర్టర్ (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండేది) స్టాకేనా, అంటే ఫ్యాక్టరీదేనా?
- వెనక యాక్సిల్ రేషియో ఎంత (2.73, 3.08, 3.73...)
- పవర్ బ్రేకులు ఉన్నాయా (క్యామ్, అంటే వాల్వుల్ని తెరిచే షాఫ్ట్, ఎంచుకునేటప్పుడు ఇది చాలా ముఖ్యం)
- పోయించేది 87 ఆక్టేన్ పెట్రోలా, 93దా?
- ఒరిజినల్ నంబర్ల బ్లాక్ కాపాడుకోవాలా
- ఉండేది కాలిఫోర్నియాలోనా? అక్కడ 1975, అంతకంటే పాత కార్లకి స్మాగ్ చెక్ (పొగ పరీక్ష) లేదు, 1976 నుంచి ఉంది, అది మీదైతే పార్ట్‌లకి కాలిఫోర్నియా ఆమోదం నంబర్ చూసుకునే కొనాలి

## 2. బానెట్ కింద నిజంగా ఉన్న ఇంజిన్ ఏదో తేల్చుకోండి

అమ్మినాయన "ఒరిజినల్ 350" అంటాడు. 50 ఏళ్ళలో ఎన్ని చేతులు మారిందో ఆయనకే తెలీదు. బ్లాక్ వెనక, డ్రైవర్ వైపు, గేర్‌బాక్స్ బిగించే అంచు మీద పోతలోనే వచ్చిన కాస్టింగ్ నంబర్ ఉంటుంది, వైర్ బ్రష్‌తో రుద్ది చదవండి. 3970010 అని ఉంటే 70ల్లో విరివిగా వాడిన 350 బ్లాకే. కాకపోతే అదే నంబర్‌లో మెయిన్ క్యాప్‌లకి (క్రాంకుని పట్టి ఉంచే మూతలు) 2 బోల్టులవీ ఉన్నాయి, 4 బోల్టులవీ ఉన్నాయి, ఆయిల్ పాన్ తీస్తే కానీ తేలదు. వీధి కారుకి 2 బోల్టులు చాలు, ఆ గొడవలో పడకండి.

ముందు వైపు, ప్యాసింజర్ సైడ్ హెడ్ కింద చిన్న చదును జాగాలో గుద్దిన అక్షరాలుంటాయి. మీ కారుకి ఒరిజినల్ నంబర్లు విలువైనవైతే దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి, మెషిన్ షాప్ వాళ్ళకి ముందే చెప్పండి, బ్లాక్ పైభాగం చదును చేసేటప్పుడు ఆ అక్షరాలు మొత్తం చెరిగిపోతాయి, మళ్ళీ రావు.

1985 దాకా వెనక మెయిన్ సీల్ రెండు ముక్కలు, 1986 నుంచి ఒకటే ముక్క. క్రాంకు, ఫ్లెక్స్‌ప్లేట్ (ఆటోమేటిక్ కార్లలో ఫ్లైవీల్ బదులు ఉండే పళ్ళెం), ఆయిల్ పాన్ అన్నీ దీన్ని బట్టే. 305, 350, 400 బయటికి దాదాపు ఒకేలా ఉంటాయి కానీ 305 బోరు 3.736 అంగుళాలు, 350ది 4.000, 400ది 4.125. 400కి బ్యాలన్సర్ (క్రాంకు ముందు చివర ఉండే చక్రం), ఫ్లెక్స్‌ప్లేట్ రెండింటికీ బరువు వేరేగా ఉంటుంది, 350కి అవి పెడితే స్టీరింగ్ పట్టుకున్న చేతికి వణుకు తెలుస్తుంది.

## 3. విప్పేటప్పుడే సగం జవాబులు దొరుకుతాయి

ప్రతి మెయిన్ క్యాప్, రాడ్ క్యాప్ ఏ నంబర్‌ది, ఎటు తిరిగి ఉందో గుర్తు పెట్టండి. అవి ఒకదాని చోట ఒకటి పెట్టేవి కావు. లిఫ్టర్లు (క్యామ్ మీద ఆనే ముక్కలు), పుష్‌రాడ్లు తీసిన వరసలోనే గుడ్ల అట్టలాంటి దాంట్లో పెట్టుకోండి.

తర్వాత చూడాల్సినవి:

- సిలిండర్ పైఅంచు కింద గోరు పెట్టి లాగండి, గోరు తట్టుకుంటే అరుగుదల బాగా ఉన్నట్టే
- బేరింగుల మీద రాగి రంగు బయటపడిందా?
- క్యామ్ గేర్ పళ్ళు నైలాన్‌వి అయి విరిగి ఉంటే ఆ ముక్కలు ఆయిల్ పంపు జల్లెడలో ఉంటాయి
- పిస్టన్ తల మీద "030", "040" లాంటి అంకె ఉందా, ఉంటే ఇంతకుముందే ఎవరో బోరు చేయించారు
- లిఫ్టర్ అడుగు భాగం వెలుతురుకి పట్టి చూడండి, కొత్తది కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, గిన్నెలా లోపలికి గుంట పడితే క్యామ్ కూడా పోయినట్టే

## 4. మెషిన్ షాప్ కొలతలు వచ్చేదాకా పర్సు తీయొద్దు

ఇది నా సొంత బుద్ధి తక్కువ కథ. సేల్‌లో "కంప్లీట్ రీబిల్డ్ కిట్" కనపడింది, 30 థౌ పెద్ద సైజు పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ ఒకే డబ్బాలో, మా ఆవిడ కూడా "చవకేగా" అంది, కొట్టేశాను. రెండు వారాలకి బ్లాక్ పట్టుకుని షాప్‌కి వెళ్తే అక్కడి పెద్దాయన బోర్ గేజ్ ఒక్కో సిలిండర్‌లో దించి పైన, మధ్యలో, కింద చూసి కార్డు మీద పెన్సిల్‌తో రాసుకుంటూ పోయాడు. 7వ నంబర్ దగ్గర ఆగాడు. మళ్ళీ దించాడు. నీళ్ళు చేరి తుప్పు తిన్న గుంట అది, 30కి పోదు, 40 చేయాలి అన్నాడు. కిట్ వెనక్కి తీసుకునే గడువు అప్పటికే అయిపోయింది.

మన దగ్గర బుల్లెట్ బోరుకొస్తే ఏం చేస్తారు? ముందు లేత్ వాడి దగ్గరికి సిలిండర్ వెళ్తుంది, వాడు సైజు చెప్పాకే ఓవర్‌సైజ్ పిస్టన్ తెస్తారు. ఎనిమిది సిలిండర్లు అయ్యేసరికి మనకి ఆ మాత్రం కూడా గుర్తుండదు.

షాప్ నుంచి రాతపూర్వకంగా తీసుకోవాల్సినవి:

1. బ్లాక్ వేడి ట్యాంక్‌లో కడిగి, పగుళ్ళకి మ్యాగ్నెట్ పరీక్ష
2. ఒక్కో సిలిండర్ కొలత. పైకీ కిందకీ 5 థౌ తేడా దాటితే నా లెక్కలో బోరు తప్పదు
3. క్రాంక్ జర్నల్స్, అంటే బేరింగులు కూర్చునే చోట్ల, కొలత (350కి మెయిన్ 2.45, రాడ్ 2.10 అంగుళాలు స్టాండర్డ్)
4. పిస్టన్ పైకొచ్చినప్పుడు బ్లాక్ అంచుకి ఎంత కింద ఆగుతోంది
5. రాడ్ల పెద్ద కన్ను గుండ్రంగా ఉందా
6. హెడ్లలో పగుళ్ళు, గైడ్ల అరుగుదల

బోరు 60 థౌ దాకా పోవాల్సి వస్తే గోడ మందం సోనిక్ టెస్ట్ చేయించండి. గోడ పల్చనైతే ఎండాకాలం ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది, టెక్సాస్ ఆగస్టులో ఆ బాధ చూడాల్సిందే.

ఇంకోటి, పిస్టన్లు కొన్నాక వాటిని షాప్‌కి ఇచ్చి వాటికి సరిపడా బోరు చేయమనాలి, బోరు చేసి పిస్టన్లు వెతకడం కాదు. సైజు చెప్పేది షాప్, పిస్టన్ తెచ్చేది మీరు, చివరి హోన్ (రాయితో అసలు సైజుకి రుద్దడం) పిస్టన్ చేతిలో పెట్టుకుని చేసేది షాప్. వరస అదీ.

## 5. పిస్టన్లు, కాంప్రెషన్: లెక్క వేయకుండా కొనొద్దు

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, అందుకే కాస్త ఓపిగ్గా చదవండి.

కాంప్రెషన్ రేషియో లెక్క చిన్నదే. పిస్టన్ కదిలే జాగా, పిస్టన్ పైకొచ్చాక మిగిలే ఖాళీ, ఈ రెండూ కూడి, వచ్చినదాన్ని మిగిలే ఖాళీతో భాగించాలి.

30 థౌ బోరు, స్టాక్ స్ట్రోక్ 3.48 అంగుళాలు అనుకోండి, ఒక్కో సిలిండర్ 727 సీసీ. మిగిలే ఖాళీలో హెడ్ చాంబర్, గ్యాస్కెట్ (39 థౌ మందందైతే దాదాపు 8.4 సీసీ), పిస్టన్ 25 థౌ కింద ఆగితే 5.2 సీసీ, పైన వాల్వుల కోసం చెక్కిన గుంటలు ఓ 6 సీసీ.

- 76 సీసీ చాంబర్ ఉన్న 70ల హెడ్లు: ఖాళీ 95.6, కాంప్రెషన్ 8.6
- అదే పిస్టన్‌కి 64 సీసీ చాంబర్ హెడ్లు: ఖాళీ 83.6, కాంప్రెషన్ 9.7
- 76 సీసీ హెడ్లతో 12 సీసీ గుంట ఉన్న చవక డిష్ పిస్టన్లు: 8.2కి కాస్త కింద

చూశారా, ఒకే బ్లాకు. 8.6 అయితే 87 పెట్రోల్‌తో హాయిగా నడుస్తుంది. 9.7 అంటే ఇనప హెడ్లతో 93 పోయించాల్సిందే, టైమింగ్ కూడా జాగ్రత్తగా పెట్టుకోవాలి.

చవక కిట్లలో ఇంకో మెలిక ఉంది. స్టాక్ పిస్టన్ పిన్ను మధ్య నుంచి పైదాకా 1.560 అంగుళాలు, దీన్నే కాంప్రెషన్ హైట్ అంటారు. రీబిల్డ్ కిట్లలో వచ్చేవి కొన్ని 1.540 ఉంటాయి, ఇదివరకే చదును చేసిన బ్లాక్‌కి కూడా సరిపోవాలని అలా చేస్తారు. మీ బ్లాక్ చదును చేయలేదంటే పిస్టన్ 45 థౌ కింద ఆగుతుంది, కాంప్రెషన్ పడిపోతుంది, పైగా పిస్టన్‌కీ హెడ్‌కీ మధ్య సందు పెద్దదై డిటొనేషన్‌కి (పెట్రోల్ అదుపు తప్పి పేలడం, నాకింగ్) దారి ఇస్తుంది. ఆ సందు గ్యాస్కెట్‌తో కలిపి 40 నుంచి 45 థౌ ఉంటే బాగుంటుంది. కాబట్టి డబ్బా మీద "350 పిస్టన్" అని చూసి సరిపెట్టుకోకుండా కాంప్రెషన్ హైట్ అంకె చదవండి.

రకం విషయానికొస్తే వీధి కారుకి హైపర్‌యూటెక్టిక్ పిస్టన్లు (సిలికాన్ ఎక్కువున్న పోత అల్యూమినియం) చాలు. నైట్రస్, టర్బో ఆలోచనుంటేనే ఫోర్జ్‌డ్ (అచ్చులో నొక్కి చేసినవి). ఫోర్జ్‌డ్‌కి గోడతో సందు ఎక్కువ వదలాలి, చల్లగా ఉన్నప్పుడు కాస్త టకటకమంటుంది, చాలామంది అది విని ఏదో పాడైందని కంగారు పడతారు.

రింగులు మోలీ పూతవి మంచివి, కానీ ఏ రింగులు వేస్తున్నారో షాప్‌కి ముందే చెప్పాలి, హోన్ గరుకు దాన్ని బట్టే. పై రింగు గ్యాప్ మామూలు ఇంజిన్‌కి అంగుళం బోరుకి 4 థౌ లెక్క, అంటే మనకి 16 థౌ. రెండోది 18 నుంచి 20. కాకపోతే డబ్బాలో వచ్చిన కాయితం ఏం చెబితే అదే ఫైనల్, కొన్ని హైపర్‌యూటెక్టిక్ పిస్టన్లకి పై రింగు గ్యాప్ బాగా ఎక్కువ అడుగుతారు.

## 6. క్రాంకు, రాడ్లు, బేరింగులు

క్రాంక్ గ్రైండ్ చేసి "10/10" అని ఇస్తే రాడ్, మెయిన్ జర్నల్స్ రెండూ 10 థౌ తగ్గినట్టు, బేరింగులు కూడా 10 అండర్‌సైజ్ తేవాలి. వేలాడే ట్యాగ్ చూసి కొనొద్దు, మైక్రోమీటర్‌తో చూసిన అంకె అడగండి.

స్టాక్ రాడ్లు 5.7 అంగుళాలవి, 5500 ఆర్‌పీఎం దాటని కారుకి కొత్త బోల్టులు వేసి కన్ను సరిచేయిస్తే సరిపోతాయి. అయితే ఆ పనికి అయ్యే కూలీ, కొత్త రాడ్ల ధర రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, చాలాసార్లు కొత్త రాడ్లే నయం.

383 స్ట్రోకర్ (స్ట్రోక్ పెంచి కట్టిన 350) గురించి కూడా అడుగుతున్నారు. 3.75 స్ట్రోక్ క్రాంకు, 30 థౌ బోరు, అంతే లెక్క. క్రాంక్ ఎలాగూ పోయి ఉంటే ఆలోచించండి, బాగున్న క్రాంక్ పక్కన పడేసి మాత్రం వద్దు. బ్లాక్ అడుగున రాడ్లు తగిలేచోట గ్రైండ్ చేయాలి, బ్యాలన్సింగ్ తప్పదు.

బేరింగ్ సందు: జర్నల్ అంగుళానికి 1 థౌ, మెయిన్‌కి 2.5, రాడ్‌కి 2.1 దగ్గర్లో. ప్లాస్టీగేజ్ దారం జర్నల్ మీద పెట్టి క్యాప్ పూర్తి టార్క్‌కి బిగించి విప్పితే అది పట్టీలా నలిగి ఉంటుంది, దాని వెడల్పుని ప్యాకెట్ మీద గీతలతో పోల్చండి. ఆ మధ్యలో క్రాంక్ తిప్పితే మళ్ళీ మొదట్నుంచి.

## 7. హెడ్లు

పాత హెడ్లకి గైడ్లు, సీట్లు, వాల్వులు, స్ప్రింగులు అన్నీ కలిపి కూలీ లెక్కేస్తే కొత్త అల్యూమినియం హెడ్ల ధరకి దగ్గరగా వెళ్తుంది. 882 అని నంబరుండే 70ల మధ్య హెడ్లైతే పగుళ్ళకి పేరుమోసినవి, పరీక్ష చేయించకుండా వాటి మీద రూపాయి పెట్టొద్దు.

తక్కువ ఖర్చులో మంచి దారి 1996 నుంచి 2000 దాకా పికప్ ట్రక్కుల్లో వచ్చిన వోర్టెక్ హెడ్లు, కాస్టింగ్ 906 లేదా 062, చాంబర్ 64 సీసీ. కానీ వీటికి వేరే ఇన్‌టేక్ మానిఫోల్డ్ కావాలి, వాల్వ్ కవర్లు కూడా మధ్య బోల్టులవి కావాలి, స్టాక్ స్ప్రింగులతో 0.460 అంగుళాల లిఫ్ట్ (వాల్వు లేచే ఎత్తు) దాటనివ్వకూడదు. ఈ మూడూ కలిపి బడ్జెట్ వేసుకున్నాకే "చవక" అనండి.

1960ల హెడ్లు వాడుతుంటే ఎగ్జాస్ట్ వైపు గట్టి సీట్లు వేయించండి. అవి సీసం కలిపిన పెట్రోల్ కాలానివి, అమెరికాలో రోడ్డు కార్లకి ఆ పెట్రోల్ 1996లో పూర్తిగా ఆగిపోయింది.

## 8. క్యామ్: ఇక్కడ ఆశ పడకండి

పెద్ద క్యామ్ వేస్తే ఐడిల్‌లో ఆ గుబగుబ శబ్దం వస్తుంది, అది నాకూ ఇష్టమే. కానీ స్టాక్ కన్వర్టర్, 2.73 యాక్సిల్, 8.6 కాంప్రెషన్ ఉన్న కారుకి అది వేస్తే సిగ్నల్ దగ్గర కారు కదలనంటుంది, పవర్ బ్రేకులకి కావాల్సిన వాక్యూమ్ పడిపోయి బ్రేక్ పెడల్ రాయిలా అవుతుంది. ఇద్దరు మిత్రులు వేసి తీసేశారు.

అలాంటి కారుకి 50 థౌ లిఫ్ట్ దగ్గర డ్యూరేషన్ (వాల్వు తెరిచి ఉండే డిగ్రీలు, ఇన్‌టేక్/ఎగ్జాస్ట్) 204/214, లిఫ్ట్ 0.420/0.442, లోబ్ సెపరేషన్ (క్యామ్ మీది ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ ఉబ్బుల మధ్య కోణం) 112 లాంటిది వేసి చూడండి. కాయితం మీద చిన్నది. రోడ్డు మీద 2000 ఆర్‌పీఎం నుంచే లాగుతుంది. రెండు క్యామ్‌ల మధ్య ఊగుతుంటే చిన్నదే తీసుకోండి.

ఫ్లాట్ ట్యాపెట్ (రోలర్ లేని లిఫ్టర్లు) అయితే కొత్త క్యామ్‌కి కొత్త లిఫ్టర్లే, పాతవి "బానే ఉన్నాయి కదా" అని వేస్తే గంటలోనే లోబ్ అరిగిపోవచ్చు. జింక్ ఎక్కువ ఉన్న బ్రేక్-ఇన్ ఆయిల్ వాడాలి, ఇప్పటి మామూలు 5W-30 లాంటి వాటిలో ఫాస్ఫరస్ 0.08 శాతానికి కట్టడి చేశారు, జింకూ దాంతోపాటే తగ్గింది. ఆ తలనొప్పి వద్దంటే రోలర్ క్యామ్, మన పాత బ్లాక్‌కి జంటలుగా కలిపిన రెట్రోఫిట్ లిఫ్టర్లు కావాలి, ఖర్చెక్కువ. డిస్ట్రిబ్యూటర్ గేర్ ఆ క్యామ్ లోహానికి సరిపోతుందో అమ్మేవాళ్ళని అడగండి.

స్ప్రింగులు క్యామ్ కంపెనీ చెప్పినవే. స్టాక్ హెడ్లలో లిఫ్ట్ 0.460 దాటితే రిటైనర్ గైడ్‌కి తగులుతుందేమో కొలవండి.

## 9. మిగతావి గబగబా

- ఆయిల్ పంపు: స్టాండర్డ్ వాల్యూమ్ చాలు. డ్రైవ్ షాఫ్ట్ స్టీల్ కాలర్ ఉన్నది, నైలాన్ కాలర్ వద్దు
- టైమింగ్ చైన్: డబుల్ రోలర్
- ఫ్రీజ్ ప్లగ్గులు: ఇత్తడివి
- ఇన్‌టేక్: డ్యుయల్ ప్లేన్
- కార్బురేటర్: 355 క్యూబిక్ అంగుళాలు (350కి 30 థౌ బోరు చేశాక) × 5500 ఆర్‌పీఎం ÷ 3456 అంటే 565, కాబట్టి 600 సీఎఫ్‌ఎం (నిమిషానికి పీల్చే గాలి, క్యూబిక్ అడుగుల్లో) చాలు, 750 వద్దు
- ఇన్‌టేక్ ముందూ వెనకా ఇచ్చే రబ్బరు లేదా కార్క్ ముక్కలు పారేసి మందంగా సిలికాన్ గీత పెట్టండి, వెనక ఆయిల్ కారడం సగం మందికి ఇక్కడే

## 10. బిగించే రోజు, మొదటి స్టార్ట్

షాప్ నుంచి "క్లీన్ చేశాం" అని వచ్చిన బ్లాక్‌ని మళ్ళీ కడగండి. వేడి నీళ్ళు, అంట్ల సబ్బు, బోరు బ్రష్. కడిగాక తెల్ల పేపర్ టవల్‌కి కొంచెం ఆయిల్ రాసి సిలిండర్‌లో తిప్పితే మొదటిసారి బూడిద రంగు వస్తుంది, నాకు 5వ టవల్‌కి తెల్లగా వచ్చింది. ఆ బూడిద హోనింగ్ రాయి పొడి, ఉంటే కొత్త రింగుల్ని తినేస్తుంది. ఆరిన వెంటనే ఆయిల్ రాయండి, నిమిషాల్లో ఎర్ర తుప్పు పడుతుంది.

- ఆయిల్ గ్యాలరీ ప్లగ్గులు (ఆయిల్ దారుల మూతలు): టైమింగ్ గేర్ వెనక 3 ఉంటాయి, ఒకటి మర్చిపోతే ప్రెషర్ ఉండదు
- హెడ్ బోల్టులు నీళ్ళలోకి దిగుతాయి, మరలకి సీలర్ తప్పనిసరి
- స్టాక్ బోల్టుల టార్క్: హెడ్ 65, మెయిన్ 70 (4 బోల్టులైతే బయటివి 65), రాడ్ 45 ఫుట్ పౌండ్లు. వేరే కంపెనీ బోల్టులైతే వాళ్ళ అంకె
- వెనక సీల్ రెండు ముక్కల అతుకు మెయిన్ క్యాప్ అతుకు దగ్గర కాకుండా కాస్త పక్కకి జరపండి, పెదవి ఇంజిన్ లోపలి వైపు
- డిస్ట్రిబ్యూటర్ పెట్టకముందే డ్రిల్లుతో ఆయిల్ పంపు తిప్పండి. డ్రిల్లు ఒక్కసారి బరువెక్కుతుంది, అప్పుడు ప్రెషర్ వచ్చినట్టు. అన్ని రాకర్ల దగ్గరా ఆయిల్ వచ్చేదాకా ఆపొద్దు, మధ్యలో క్రాంక్ కొంచెం కొంచెం తిప్పుతుండాలి
- ఫైరింగ్ ఆర్డర్ 1-8-4-3-6-5-7-2

ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ అయితే మొదటి స్టార్ట్‌లోనే అందుకోవాలి, గంటసేపు సెల్ఫ్ కొడుతూ కూర్చోకూడదు. అంటుకోగానే ఐడిల్‌కి వదలొద్దు, 2000 నుంచి 2500 మధ్య మారుస్తూ 20 నుంచి 30 నిమిషాలు. ఎదురుగా ఒక ఫ్యాను పెట్టి, పక్కన ఒకళ్ళని ఉష్ణోగ్రత చూడమనండి. తర్వాత ఆయిలూ ఫిల్టరూ మార్చి, పాత ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూడండి. కాస్త బూడిద రంగు మామూలే, మెరిసే రేకులు కనపడితే కారు కదపొద్దు.

## 11. తేడా వస్తే ముందు ఎక్కడ చూడాలి

స్టార్ట్ చేయగానే నీలం పొగ, తర్వాత తగ్గుతోంది: వాల్వ్ సీల్స్, గైడ్లు. రింగులు కాదు, మళ్ళీ ఇంజిన్ విప్పకండి.

ఐడిల్‌లో ప్రెషర్ తక్కువ: ముందు మెకానికల్ గేజ్ పెట్టి చూడండి, డాష్‌లోది అబద్ధం చెప్పొచ్చు. ఆ తర్వాతే బేరింగ్ సందు, గ్యాలరీ ప్లగ్గులు.

కార్బురేటర్‌లోంచి దగ్గుతోంది: పదింట ఎనిమిదిసార్లు డిస్ట్రిబ్యూటర్ ఒక పన్ను అటో ఇటో, లేదంటే 180 డిగ్రీలు తప్పు పెట్టి ఉంటారు.

ఒకవైపు టిక్ టిక్, రోజురోజుకీ పెరుగుతోంది: లోబ్ అరుగుతోంది. ఆపేసి వాల్వ్ కవర్ తీసి రాకర్ల కదలిక పోల్చండి.

చివరిగా పాత సామాను. క్రాంకు, హెడ్లు మార్చుకునేటప్పుడు పాతవి తిరిగిస్తే డిపాజిట్ వెనక్కిస్తారు, కానీ ఒరిజినల్ నంబర్ల కారైతే ఆ కాస్త డబ్బు కోసం ఇచ్చేయకండి, గరాజ్ మూల పెట్టుకోండి. నా గరాజ్ మూలైతే ఆ 30 థౌ కిట్ సీల్ కూడా విప్పకుండా అలానే ఉంది, మీలో ఎవరికైనా షాప్ వాళ్ళు కొలిచి 30 అని రాసిస్తే చెప్పండి, కాంప్రెషన్ హైట్ అంకె డబ్బా మీద చూసి చెప్తా.